అంచుకు సూటిగా

ఏది తిరుగుతున్నా మా పెదనాన్న ముందు దాని అంచుకు సూటిగా ఎవరున్నారో చూసేవాడు. ఉంటే మోచెయ్యి పట్టుకుని పక్కకు జరిపేవాడు. బరంపురంలో వాళ్ళింటి టేబుల్ ఫ్యానైనా అంతే. విమాన ఇంజిన్ల కర్మాగారంలో ఆయన పని, ఇంజిన్‌లో తిరిగే రెక్క విరిగితే ముక్క బయటికి రాకుండా ఆపే ఉక్కు తొడుగును పరీక్షించడం.

"ఇరగకుండా సెయ్యలేం. ఇరిగింది బైటికి రాకుండా సూడాల" అనేవాడు.

ఒకసారి ఆయనతో గిరిసోల బియ్యం మిల్లుకు వెళ్ళాను. మూత లేని పెద్ద చక్రం తిరుగుతోంది, దాని అంచుకు సూటిగా ఒకామె పీట మీద కూర్చుని నూకలు చెరుగుతోంది. చక్రం చుట్టూ రేకు బిగించమన్నాడు పెదనాన్న.

"ఏటి బావగారూ, ఇదేటి విమానమా?" అని మిల్లు యజమాని నవ్వాడు.

పెదనాన్న ఆమెను లేపి, ఆ పీట మీద తను కూర్చున్నాడు. "రేకు ఏసినాకే లెగుస్తాను."

కాసేపు చూసి యజమాని మోటారు ఆపించాడు.

తిరుగు బస్సులో, భయం వెయ్యలేదా అని అడిగాను. ఆయన కిటికీలోంచి చూస్తూనే చెప్పాడు.

"ఓ పరీక్షలో తొడుగు సీలిపోయిందిరా. నేను పాసు సేసిందే. ముక్క తగిలి ఒకడు పోనాడు. ఆడ్ని అక్కడ నిలబెట్టింది నేనే." నా వైపు తిరిగి, "మీ పెద్దమ్మకి సెప్పకు" అన్నాడు.

ఆయన పోయి ఏడాదైంది. ఎందుకలా అందరినీ జరిపేవాడని పెద్దమ్మ ఇప్పటికీ అడుగుతుంది. అలవాటేనంటాను. ఆమె తలూపి, ఫ్యాను వేసే ముందు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు జరుపుతుంది.