మూడు వేళ్ల సందు

ఆ రోజుల్లో పోర్ట్‌బ్లెయిర్‌లో కారు టైరు కావాలంటే సైజు రాసి మద్రాసుకి ఉత్తరం పంపి, షిప్పు కోసం కళ్లు కాయలు కాచేలా ఎదురుచూడాలి. సైజు తప్పితే మళ్లీ ఉత్తరం, మళ్లీ షిప్పు. అందుకే బుద్ధున్నవాడు పాత టైరు మీది అంకెలే రాసేవాడు. నాకప్పుడు ఇరవై ఏళ్లు. (బుద్ధి సంగతి మీకే తెలుస్తుంది.)

బతు బస్తీలో నేను కారు రిపేర్లు నేర్చుకున్న షెడ్డు యజమానిని ఉస్తాద్ అనేవాళ్లం. ఆయనకి పెద్ద ఇంజను పాత విదేశీ కారొకటి ఉండేది. ముందు టైర్లు నున్నగా అరిగిపోయాయి. "టైర్లు నువ్వు తెప్పించు బేటా, దీదీ పెళ్లికి కారు నీదే" అన్నాడు. ఏనాడూ ఏదీ అడగని మా అక్క, చర్చికి ఆ కారులో వెళ్లాలని ఉందిరా అంది. ఇక నాకు నిద్ర పట్టలేదు.

అంత కారుకి సన్న టైర్లేమిటని, దాన్ని జాకీ మీద లేపి, వేలాడుతున్న చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్లు పెట్టి చూశాను. మూడు వేళ్లు పట్టాయి. ఇంకేం, రెండు సైజులు పెద్దవి రాసేశాను. నాన్న ఫీనిక్స్ బేలో ఫెర్రీ నడిపే సరంగు. కారు స్టీరింగు ముట్టి ఎరగడు. పక్కన నిలబడి, "మనుషులెక్కితే ఎంత దిగుద్దిరా?" అనడిగాడు.

"ఇది బోటు కాదు నాన్నా."

"బరువు బరువే కదరా."

నేను జాలిగా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

టైర్లొచ్చాయి. బిగించి ఒక్కణ్ణే బజారంతా తిరిగొచ్చాను. పెళ్లిరోజున అక్క ఎక్కింది. ఆమె వెనకే ఇద్దరు అత్తలు, పిన్ని, ఒళ్లో పిల్లలు, పూలబుట్ట. ఆ బరువుకి కారు కుంగి నా మూడు వేళ్లూ మాయమయ్యాయి. చర్చి మలుపులో స్టీరింగు తిప్పగానే టైరు మడ్‌గార్డుకి రాసుకుని గర్రుమంది, రబ్బరు కంపు కొట్టింది, కారు మొరాయించింది. "పెళ్లికూతుర్ని పొగలో ముంచావు కదరా" అంది పెద్దత్త. నాకు ఏడుపొక్కటే తక్కువ.

వెనక నడిచొస్తున్న నాన్న వంగి టైరు చూశాడు. "లోడ్ జాస్తీ అయ్యింది, దిగండమ్మా" అన్నాడు, ఫెర్రీలో జనానికి చెప్పినట్టే. అక్కకి చెయ్యందించాడు. ఇద్దరూ చర్చిదాకా నడిచారు, వెనక అత్తలు, ఆ వెనక ఖాళీ కారులో నేను. ఖాళీ అయ్యేసరికి అది మలుపు హాయిగా తిరిగింది.

ఇప్పుడు నాకే షెడ్డుంది. వెడల్పు టైర్లు కావాలని వచ్చే కుర్రాళ్లని ముందు నలుగురు దోస్తుల్ని తెచ్చి కారులో కూర్చోబెట్టమంటాను. అప్పుడే కొలుస్తాను. అక్క మాత్రం పెళ్లి కబుర్లలో కారు ఊసెత్తదు. నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన ఆ కాస్త దారి గురించే చెబుతుంది. అసలెందుకు నడిచారని ఎవరైనా అడిగితే నావైపు చూసి, "వీడి పుణ్యమే" అంటుంది.