రేవులో దిగకూడని మనిషి

సీతాలుకి మొగుడి మీద ఉన్నది కోపమా, జాలా, భయమా అని అడిగితే ఏం చెప్తుంది పాపం! మూడూ ఉన్నాయి. ఒక్కోసారి మూడూ కలిసే వచ్చేస్తాయి. విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్‌లో వేలంపాటలో చేపలు కొని, బుట్ట నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగి అమ్ముకునే మనిషి. ఆవిడతో బేరమాడేవాళ్ళకి తల ప్రాణం తోకకొస్తుంది. ఇంటికెళ్ళాక మాత్రం ఆ నోరు ఎక్కడికి పోతుందో మరి, పెగలదు.

మొగుడు తవిటయ్య మరబోటు మీద వలలు లాగే కళాసీ. చేపల వేటకెళ్తే చాలా రోజులు రాడు. ఒడ్డున ఉన్నాడంటే తాగుతాడు, తాగితే చెయ్యి లేస్తుంది. తమ జాలరిపేటలో అందరి కాపరాలూ ఇంతేలే అని సరిపెట్టుకునేది సీతాలు. ఛీ, దేనికైనా ఎంత అలవాటు పడిపోతాం! కానీ ఈసారి, సరిగ్గా వేటకి బయల్దేరే పూట, అన్నం కారేజీ ఆలస్యమైందని ఆమె తల పట్టుకుని గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లింది. ఆయన బోటెక్కాడు, ఈవిడ పెద్దాసుపత్రికి ఆటో ఎక్కింది. కుట్లేసిన నర్సమ్మ ఊరికే పంపలేదు, ఇలాంటి ఆడవాళ్ళ కోసమే ఉన్న సెంటర్‌కి తీసుకెళ్ళి రక్షణాధికారి సత్యశ్రీ ముందు కూర్చోబెట్టింది.

"కేసెడితే ఆణ్ణి జైల్లో ఎట్టేత్తారా అమ్మా?" కేసు పెట్టొచ్చని ఆవిడ అనగానే సీతాలు మొదటి మాట అదే.

"ఇది జైలు కేసు కాదమ్మా. నిన్ను కొట్టొద్దని, నీ జోలికి రావద్దని కోర్టు చెప్తుంది. ఆ మాట దాటితే అప్పుడు జైలు" అంది సత్యశ్రీ.

"మరైతే ఇడాకులా? పుస్తె తీసెయ్యాలా?"

"అదీ కాదు. నీ పెళ్ళి నీకుంటుంది."

"ఇల్లు మా అత్త పేరున ఉందండి. గెంటేత్తారు నన్ను."

"ఎవరి పేరున ఉన్నా నువ్వు కాపరం చేస్తున్న ఇల్లు. నిన్ను గెంటకూడదు. అవసరమైతే ఆయన్నే బయట ఉండమంటారు."

సీతాలుకి బుర్ర తిరిగిపోయింది. జైలు కాదట, విడాకులు కాదట. ఇల్లు తనది కాదు, అయినా తనని పొమ్మనకూడదట! పేటలో తగువొస్తే పెద్దలు కూర్చుంటారు, మొగుడి చేత తప్పు కట్టిస్తారు, ఇద్దర్నీ కలిపి ఇంటికి పంపేస్తారు. ఆ రాత్రే మళ్ళీ వీపు వాస్తుంది, అది వేరే సంగతి. కానీ ఇదేం తగువు? కలపరు, విడగొట్టరు!

"మీ ఆయన ఏం చేస్తాడు?" అంటే "సముద్రం మీద పనండి" అంది. "నువ్వెక్కడ పని చేస్తావు?" అన్నప్పుడు మాత్రం తడుముకోలేదు. "హార్బర్‌లోనండి! అదంతా నా సోటే" అంది గర్వంగా.

సీతాలు కేసుకి సరేనంది. సర్కారు తరఫున ఉచితంగా వాదించే వకీలు నిలబడితే, తొందర్లోనే ఆర్డరు వచ్చింది. తవిటయ్య ఆమెను కొట్టకూడదు, ఇంటికి రాకూడదు, ఆమె పని చేసుకునే హార్బర్‌లో అడుగు పెట్టకూడదు.

తిరకాసంతా అక్కడే ఉంది. మొగుడి బోటు వచ్చి ఆగేది కూడా ఈ హార్బర్‌లోనే అని సీతాలు చెప్పలేదు. చెప్పాల్సిన సంగతని తోచనైనా తోచలేదు. చేపలవాళ్ళకి అదొక చెప్పే ముక్కా? బోటు హార్బర్‌కి రాక బస్టాండుకొస్తుందా?

బోటు వచ్చేదాకా ఆవిడకి తిండి సయించలేదు. వేటలో ఉన్న మనిషి మీద కేసు పెట్టింది, ఆ పాపం బోటుకి తగిలితే? "గంగమ్మ తల్లీ, ఆణ్ణి సల్లగా తీసుకురా" అని దండం పెట్టేది. పెట్టి, వెంటనే, "కొంచెం ఆలీసెంగా తీసుకురా తల్లీ" అనేది.

ఆఖరికి ఒక పొద్దున్న బోటు రేవుకొచ్చింది. సత్యశ్రీ ఒక లేడీ కానిస్టేబుల్‌తో వచ్చి, ఆర్డరు చదివి వినిపించి, తవిటయ్య చేతికిచ్చింది. బుట్ట పట్టుకుని సీతాలు, నాలుగడుగుల దూరంలో అత్త పోలమ్మ. కేసు సంగతి తెలిసిన దగ్గర్నుంచీ కోడలితో ఒక్క మాట మాట్లాడలేదావిడ.

దిగబోతున్న తవిటయ్య కాలు గాల్లో ఆగిపోయింది. "అంటే ఏటి... నాను దిగకూడదా?"

"మళ్ళీ ఏటకెళ్ళిపోదాం రా బావా!" అని పక్క కళాసీ కేకేశాడు. రేవంతా నవ్వులే నవ్వులు. సత్యశ్రీ ఆర్డరు కాగితం మళ్ళీ తిరగేసి చూసుకుంది. అందరూ సీతాలు వైపు చూశారు. తవిటయ్య కూడా. ఆమె ఏమంటుందా అని ఆ మనిషి ఎదురు చూడటం పెళ్ళయ్యాక ఇదే మొదలు. సీతాలుకి నవ్వొచ్చింది, వెంటనే జాలేసింది. "దిగు మావా" అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. దిగాడంటే ఇక్కడితో ఆగుతాడా? వెనకాలే ఇంటికొస్తాడు.

"అమ్మా, రేవు మాట తీసేసి, ఇంటి మాట ఉంచొచ్చా? ఆడి తిండి కూడా ఈ రేవులోనే ఉంది" అని సత్యశ్రీని అడిగింది.

"మేజిస్ట్రేటు గారిని అడిగి మార్పించుకోవచ్చు. ఇవాళే వెళ్దాం. అందాకా మరి..."

"అందాకా బోటులోనే కూకుంటాడు. ఇన్నాళ్ళు కూకున్నాడు, ఈ పూట కూకోలేడేటి?"

తవిటయ్య మొహం జేవురించింది. "రేవు సరేనే, ఇంటికెలా రావద్దంటావు? ఇల్లు మాయమ్మది! సెప్పే అమ్మా దానికి!"

సీతాలు అత్త వైపు తిరిగింది. కోర్టు ఎన్ని చెప్పినా, లోపల గడియ పెట్టేది ఈ ముసలిదే. ఇప్పుడు కాదంటే ఎక్కడ తలదాచుకోవాలి?

పోలమ్మ కోడలి నుదుటి మీద కుట్లు చూసింది. కొడుకుని చూసింది.

"ఇల్లు నాదే. అందుకే సెప్తన్నాను, రాకు" అంది. "ఈ మాట మీ అయ్యకి సెప్పలేకపోనాను."

సీతాలు బుట్ట కింద పడేసి భోరుమంది. ఎందుకో ఆవిడకే తెలీలేదు.

"తరవాత ఏడుద్దువుగాని పద," అంది పోలమ్మ బుట్ట అందుకుంటూ. "కోర్టుకి నానూ వత్తాను."