ఒక కుర్చీకి ఒక మనిషి

వాక్యం సగంలో ఉండగా మా ఇద్దరి మధ్య నుంచి ఒక చెయ్యి వచ్చి కంప్యూటర్ తెర ఆపేసింది. పాదం దాకా రక్తం అందుతోందో లేదో పరీక్షించకుండా కాలు తీసెయ్యాలన్న నిర్ణయానికి రాకూడదని ఆ వాక్యం చెబుతోంది. ఆ పరీక్ష ఏమిటో, ఎవరికి చేస్తారో దాని కింద ఉంది. అక్కడిదాకా మేం పోలేదు.

"ఏమప్పా, సినిమా హాలనుకుంటిరా? ఇద్దరిద్దరు కూచోని చూస్తాండారు!" చెయ్యి లైబ్రరీ అటెండరుది. "ఒక కుర్చీకి ఒక మనిషి. గోడ మీద అంత పెద్దగా రాసుండాది, కనపడలేదా?"

నా పక్కన స్టూలు మీద, కట్టు కట్టిన కుడికాలు ముందుకు చాపుకుని కూర్చున్న నా మిత్రుడు తల తిప్పాడు. అతను కడపలో దర్జీ. "గోడ మీద రాసింది ఇంగ్లీషు కదప్పా. అది నాకు చదివి చెప్పేదానికీ ఈ అన్న కావల్ల, ఇది చదివి చెప్పేదానికీ ఈ అన్నే కావల్ల. ఏం చెయ్యమంటావు?"

"అట్లయితే ఆయప్ప చదువుకుంటాడు. నువ్వు బయట కూచో."

"కాలు నాది కదా సామీ!"

వెనక బల్ల దగ్గర ఇద్దరు విద్యార్థులు నవ్వారు. అటెండరు నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

అది మా ప్రాంతపు జిల్లాల్లో ఒకచోట ఉన్న వైద్య కళాశాల. పేరు రాయను. ఇలాంటి బోర్డు ఇంకెన్నిచోట్ల ఉందో నాకు తెలియదు.

అసలు అక్కడికి ఎందుకు పోయామో చెప్పాలి. నేను పత్రికలో పనిచేసినన్నాళ్లూ పొద్దున్నే అతని కొట్టుకు పోయేవాణ్ణి. అక్కడ పేపరును ఒకరు పైకి చదివితే మిగతావాళ్లు వింటారు. దర్జీకి తెలుగు అక్షరాలు వచ్చు, కానీ కళ్లు గుడ్డ మీదే ఉండాలి. అందుకని చెవులతో చదివేవాడు. మిషన్ నడుస్తున్నంతసేపూ నేను చదువుకుంటూ పోవచ్చు. అతని కుడిపాదం పెడల్ మీద ఆగి చప్పుడు ఆగిపోతే ప్రశ్న వస్తోందని అర్థం. "ఏంది అన్నా, నీళ్ల ట్యాంకరు రాలేదని రాస్తివి. ఎందుకు రాలేదో డ్రైవర్ని అడగల్యా?" అడగలేదు. మర్నాడు పోయి అడిగేవాణ్ణి. మా ఎడిటర్లు నేర్పనిది ఆ పాదం నేర్పింది.

ఆ పాదమే పుండైంది. ఒంటిమిట్ట కళ్యాణానికి సేవకుల చొక్కాలు కుట్టి, ఇచ్చిరావడానికి పోయాడు. చెప్పులు విడిచిన చోటు నుంచి మధ్యాహ్నపు బండల మీద నడిచాడు. షుగర్‌తో ఎప్పుడో మొద్దుబారిన పాదానికి కాలిన సంగతి తెలియలేదు. బొబ్బను ఇంటికొచ్చాక భార్య చూసింది. ఆ బొబ్బ ముదిరి ముదిరి ఆసుపత్రి దాకా తెచ్చింది.

మోకాలి కింద తీసెయ్యాలి, ఆలోచించుకుని వచ్చేవారం చెప్పండి అన్నాడు సర్జన్. వేరే దారి ఏమీ లేదా అని అడిగాను. ఆయన వెనక రోగులు గోడవారగా నిలబడి ఉన్నారు. "మా లైబ్రరీలో బయటివాళ్లకు కూడా ఒక కంప్యూటర్ ఉంది సార్. మీరు చదువుకున్నవారే కదా, చూడండి" అన్నాడు. వెటకారం కాదనే అనుకుంటున్నాను.

అంతకుముందు ఫోన్లలో వెతికాం. అతని బావమరిది ఏదో ఆకు పసరు వీడియో పంపాడు. నేను తెరిచిన వైద్య పత్రికలన్నీ సభ్యులకు మాత్రమే అన్నాయి. లైబ్రరీ కంప్యూటర్లో అవే పత్రికలు అడ్డు లేకుండా తెరుచుకున్నాయి. నేను గొంతు తగ్గించి ఒక్కో ముక్కా తెలుగులో చెబుతున్నాను. అతను పాదం బొమ్మ మీద వేలు పెట్టి, "నా పుండు ఈడ" అంటున్నాడు. అప్పుడే ఆ చెయ్యి వచ్చింది.

లైబ్రేరియన్ దగ్గరికి పోయాను. మర్యాదగా మాట్లాడే మనిషి. "రూల్ నేను పెట్టింది కాదు సార్, కమిటీది. ఎప్పుడో ఎవరో గుంపుగా వచ్చి గొడవ చేశారంట. మీరు చదివి, బయటికెళ్లి ఆయనకు చెప్పి రండి. దానికి అభ్యంతరం లేదు."

సరేనని లోపలికి పోయి ఆ వాక్యం మాత్రం పూర్తిగా చదువుకుని వచ్చాను. వరండాలో అతను, అతని భార్య బెంచీ మీద ఉన్నారు. చదివింది చెప్పాను.

"ఆ పరీక్ష మడమ పుండుకా, కాలి ఏళ్ల పుండుకా అన్నా?"

చూడలేదు.

"కుళ్లు పట్టినాక చేసినా పనికొస్తాదా?"

అదీ చూడలేదు.

"నువ్వేం మారలేదు" అన్నాడు. అతని భార్య అప్పుడు మాత్రం నవ్వింది. "పో భాయ్, మళ్ల చూసి రా. ఈయప్ప అడిగేది ఆపడు" అంది.

తిరిగి పోయేసరికి ఆ కుర్చీలో ఒక విద్యార్థి కూర్చుని పరీక్ష దరఖాస్తు నింపుకుంటున్నాడు. విద్యార్థి వస్తే బయటివాడు లేవాలన్నది ఇంకో రూలు. దానితో నాకు తగాదా లేదు. కానీ పక్కన రెండు కంప్యూటర్లు ఖాళీగా ఉన్నాయి. అవి విద్యార్థులవి, నేను ముట్టుకోకూడదు. నిలబడ్డాను. ఆ విద్యార్థి లేచేసరికి అటెండరు గోడ గడియారం చూపించాడు. "మీ టైము అయిపాయ సార్. రేపు రాండి."

రేపు రావాలంటే ఆ కాలితో మళ్లీ బస్సెక్కాలి. మళ్లీ పోవడం కుదరలేదు.

నాకు అటెండరు మీద కోపం లేదు. లైబ్రేరియన్ మీద కొంచెం ఉంది. ఆ రూలు రాసినవాళ్ల మీద మాత్రం, ఇది రాస్తున్న ఇప్పటికీ తగ్గలేదు. తినుబండారాలు వద్దనండి, పెద్దగా మాట్లాడొద్దనండి, సంచులు బయట పెట్టమనండి, ఒప్పుకుంటాను. కానీ బయటివాళ్ల కోసమని కంప్యూటర్ పెట్టినప్పుడు ఏ బయటివాణ్ణి ఊహించుకున్నారు? ఒంటరిగా వచ్చి, ఇంగ్లీషు గబగబా చదివి, ఎవరినీ ఏమీ అడగకుండా లేచిపోయేవాణ్ణా? ఆ ఆసుపత్రి వార్డుల్లో అలాంటి రోగి ఒక్కణ్ణి చూపించమనండి. డోన్ నుంచి, మంత్రాలయం నుంచి, పల్లెల నుంచి వచ్చే ప్రతి రోగి పక్కనా ఒక మనిషి ఉంటాడు. ఒకరి నొప్పి ఇంకొకరు చెబుతారు. ఒకరి చీటీ ఇంకొకరు చదువుతారు. ఆ రెండో మనిషిని గెంటేశాక అది ప్రజల కంప్యూటర్ ఎలా అవుతుంది? ఆ రోజు గదిలో అందరికంటే పెద్ద చప్పుడు ఫ్యానుది. మావల్ల ఎవరి చదువూ చెడలేదు.

వారం తిరిగాక సర్జన్ దగ్గరికి పోయాం. మా దగ్గరున్నది ఆ ఒక్క వాక్యమే. రక్తం అందుతోందో లేదో పరీక్ష చేయించవచ్చా అని దర్జీ అడిగాడు. చేయించవచ్చు, కానీ ఇక్కడ యంత్రం పనిచేయడం లేదు, వేరే ఊళ్లో ఉన్న పెద్దాసుపత్రికి రాసిస్తానన్నాడు ఆయన.

"ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను.

"మీరు అడగలేదు కదా" అన్నాడు.

దర్జీ నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరం చీటీ రాయించుకుని బయటికి వచ్చాం.

ఈలోగా రెండు వేళ్లు తీశారు. పాదం ఉంది. మిషన్‌కు ఎడమకాలు అలవాటు చేసుకుంటున్నాడు, కుట్టు వంకర పోతోందని తననే తిట్టుకుంటున్నాడు. పొద్దున పేపరు చదువుతుంటే ఇప్పుడు చప్పుడు ఎప్పుడు ఆగుతుందో చెప్పలేను. రూలు మార్చమని నేను ఇచ్చిన అర్జీకి, కమిటీ ఇంకా కూర్చోలేదని జవాబు వచ్చింది. పెద్దాసుపత్రి నుంచి పరీక్షకు తేదీ రాలేదు. కుళ్లు పట్టాక చేసినా ఆ పరీక్ష పనికొస్తుందో లేదో మా ఇద్దరికీ ఇప్పటికీ తెలియదు.