కారు మాత్రమే నడిపిన సలహాదారుగారు

వియన్నాలో మెడకు టై కనబడితే చాలు, ఏదో ఒక బిరుదు తగిలించందే మా నోరు ఊరుకోదు. ఒట్టోకర్ నవ్రాటిల్ ఒక విదేశీ రాయబారి దగ్గర డ్రైవరు. మా వీధి కాఫీ హోటల్లో మాత్రం ఆయన ‘సలహాదారుగారు’. వెయిటర్ వెంజెల్ అలా పిలిచిన మొదటి రోజునే ఆయన దిద్ది ఉండవలసింది. దిద్దలేదు సరికదా, పెద్ద బక్షీసు ఇచ్చాడు. ఆ పైన ఆదివారం భోజనాల దగ్గర భార్య హెర్మీనాతో, "నిన్న రాయబారి సరిహద్దు ఒప్పందం మీద నా అభిప్రాయం అడిగారు" అని కోతలు కోసేవాడు. ఆవిడ "అలాగా" అంటూ సూపు వడ్డించేది.

యాభై ఏడో ఏట నడుం పట్టేసి వారం రోజులు మంచాన పడితే, రాయబార కార్యాలయం ఆయన ఉద్యోగం ఊడబెరికింది. ఆ వయసులో కొత్తగా ఎవరిస్తారు? కోర్టుకెక్కాడు. "మేము పరాయి ప్రభుత్వం, మమ్మల్ని విచారించే అధికారమే మీ కోర్టుకు లేదు" అన్నారు వాళ్లు. ముందు ఆ సంగతి తేలాలి.

"వాళ్ల ప్రభుత్వ వ్యవహారాల్లో పాలుపంచుకున్న మనిషి గొడవైతే మన కోర్టు ముట్టుకోదు. డ్రైవర్ని పెట్టుకోవడం, తీసెయ్యడం అంటారా, అది ఏ యజమానైనా చేసే పనే. అది వింటుంది" అని లాయరు రోస్విత ముందే విడమరిచి చెప్పింది. ఒట్టోకర్ తల ఊపాడు. డ్రైవరన్న మాట దగ్గరే మనసు చివుక్కుమనడంతో మిగతాది ఆయన చెవికెక్కలేదు.

విచారణ రోజున అవతలి లాయరు లేచాడు.

"నవ్రాటిల్‌గారు ఉత్త డ్రైవరా? మా రాయబారికి కుడిభుజం! రాజ్య వ్యవహారాల్లో ఆయన సలహా లేనిదే పని జరిగేది కాదు. ఊరంతా సలహాదారుగారని ఊరికే పిలుస్తుందా?"

ఒట్టోకర్ ఛాతీ ఉబ్బింది. ఇన్నాళ్లకు నిండు సభలో అన్నారు! పక్కకు తిరిగి చూస్తే రోస్విత ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఏమిటమ్మా, బాగానే పొగుడుతున్నాడుగా?"

"పొగడటం కాదండీ, పాతిపెడుతున్నాడు. మీరంత గొప్పవారైతే మన కేసు ఇక్కడితో సరి."

ఒట్టోకర్ నిర్ఘాంతపోయాడు. ఆ పొగడ్తలో ప్రతి మాటా తను కాఫీ బల్ల దగ్గర కూర్చుని అల్లిందే.

"నిజమేనా?" అని న్యాయమూర్తి అడిగింది. "రాయబారి మీతో ఏం మాట్లాడేవారు?"

వెనక బల్ల మీద హెర్మీనా ఉంది. ఆమె పక్కనే వెంజెల్. ఒట్టోకర్ వాళ్ల వైపు చూడకుండా చెప్పాడు.

"ఎడమకు తిప్పు, అనేవారమ్మా. మెల్లగా పోనీ, అనేవారు. అద్దం ఎత్తు..."

"ఇంకా?"

"ఇంకేం లేదు. నేను కారు నడిపానంతే."

కేసు వింటానంది కోర్టు. రోస్విత ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసింది. సంతోషం మాట అటుంచి, భార్య వైపు చూడటానికే ఆయనకు ధైర్యం చాలలేదు. బయట మెట్ల మీద తనే నోరు విప్పాడు.

"హెర్మీ, ఆ సరిహద్దు ఒప్పందం..."

"పోనీలే ఒట్టో. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునే భాష నీకు ఒక్క ముక్కైనా వచ్చా? మొదటి ఆదివారమే తెలుసు నాకు."

కోర్టులో కన్నా అక్కడే ఎక్కువ అదిరిపడ్డాడాయన. ఇన్నేళ్ల ‘అలాగా’లన్నీ ఒక్కసారిగా చెవిలో మోగాయి.

ఇంతలో వెనకనుంచి వెంజెల్ కేక వేశాడు. "కాఫీ తాగి వెళ్దురుగాని రండి, సలహాదారుగారూ!"

ఒట్టోకర్ ఉలిక్కిపడి కోర్టు తలుపు వైపు చూశాడు.

"నీకు దణ్ణం పెడతానయ్యా! డ్రైవరూ అని పిలు. లోపలికి వినబడేట్టు పిలు."