రాక్ బ్యాండు జుట్టు, అవ్వ మొక్కు

నా జుట్టు మీద ఇద్దరికి హక్కుండేది. ఒకరు సముద్రాల అవతల ఎప్పుడో పాడడం మానేసిన ఒక రాక్ బ్యాండు గాయకుడు. ఇంకొకరు తిరుమల వెంకటేశ్వరస్వామి. ఆ ఇద్దరిలో నేను లేను. ఆదివారం స్టేజీ ఎక్కాల్సి ఉండగా, బుధవారం నాకీ సంగతి తెలిసింది.

ఆ బ్యాండు పేరు చెప్పను. కర్ణాటకలోని మా ఊరు చింతామణిలో దాన్ని సరిగ్గా పలికినవాడు లేడు, నాతో సహా. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. బెంగళూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనమామ కొడుకు సెలవులకు వచ్చి, వెళ్ళేటప్పుడు ఒక క్యాసెట్టు మరిచిపోయాడు. అట్ట మీద నలుగురు మనుషులు. నలుగురికీ భుజాలు దాటిన జుట్టు. వాళ్ళ కథ తర్వాత వాడే చెప్పాడు. ఫ్యాక్టరీల ఊరట, పనివాళ్ళ పిల్లలట, ఎవరిదో కారు షెడ్డులో సాధనట. మొదట్లో ఖాళీ కుర్చీలకు పాడారు. కొన్నేళ్ళకే మైదానాలు చాలనంత జనం వచ్చారు. నేను పుట్టేనాటికి విడిపోయారు కూడా. అంటే నేను ముట్టుకున్నది ఆరిపోయిన పొయ్యిని. అయినా చెయ్యి కాలింది.

ఒకరోజు మా సంతలో టమాటా బుట్టలు దించే మనిషి ఒంటి మీద వాళ్ళ బొమ్మ ఉన్న నల్ల టీ షర్టు చూశాను. ఆనందం పట్టలేక, "ఈళ్ళెవరో తెలుసా అన్నా?" అని అడిగాను.

"ఎవరో కన్నడ సినిమాలో విలన్లుండాల. గుడ్డ మాత్రం గట్టిదప్పా," అన్నాడు.

మేమూ ఒక బ్యాండు పెట్టాం. రాక్ అంటే రాయి. మా వైపు రాళ్ళకు కొదవ లేదు, ఎటు చూసినా కొండలే. కొదవంతా రాగానికే. డ్రమ్ములు వాయించే స్నేహితుడి వాళ్ళకు శిడ్లఘట్టలో పట్టు తీసే యూనిట్టు ఉండేది. పని లేని రోజుల్లో, ఉడికిన పట్టుగూళ్ళ వాసన మధ్య, అక్కడే సాధన. కైవారంలో భజనలకు హార్మోనియం వాయించే ఇంకొకడు కీబోర్డు. నేను గిటారూ, గొంతూ. ఆ బ్యాండులో నలుగురుంటే మేం ముగ్గురమే. నాలుగోవాడి లోటును జుట్టుతో పూడ్చాం.

విచిత్రమేమిటంటే, నా జుట్టు చెవులు దాటినా, మెడ దాటినా ఇంట్లో ఒక్కరూ నోరెత్తలేదు. మా నాయనకు కూరగాయల మండీ. చొక్కా పైగుండీ పెట్టుకోకపోతేనే "రౌడీ నాయాలా" అనే మనిషి. ఆయన కూడా చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. సంగీతం ముందు పెద్దలు తలవంచారని నేను తలెగరేసుకుని తిరిగాను.

బుధవారం మధ్యాహ్నం అవ్వ సంచిలో బట్టలు సర్దుతూ అంది: "శుక్రవారం పొద్దున్నే బస్సు. తిరపతికి పోయి నీ తలనీలాలిచ్చి శనివారానికి వచ్చేద్దాం."

"నా తలా? యాలవ్వా?"

"యాలేమిరా! మీ నాయన మండీలో పడిపోయిన పొద్దు మొక్కుకుంటి. వాడు కాళ్ళ మీద నడిచి ఇంటికొస్తే నా మనవని జుట్టు నీదే స్వామీ అని. వచ్చినాడా, లేదా?"

"నాకెవరూ చెప్పలేదే!"

"చెప్పేదేముండాది? కత్తెర తగలనీకుండా నువ్వే పెంచుకుంటాంటివి. మీ అమ్మ చెప్పింటాది, వీడెంత భక్తుడైనాడప్పా అనుకుంటి."

ఏడాదిగా మా ఇంట్లో గెలిచింది రాక్ సంగీతమని నమ్మాను. గెలిచింది గోవిందుడు.

"పైవారం పోదాం అవ్వా. ఆదివారం బాగేపల్లి కాలేజీ వార్షికోత్సవంలో మా పాటుండాది."

"సోమవారం మీ నాయనకు ఆపరేషనుండాది," అంది అవ్వ, సంచి మూతి బిగిస్తూ.

ఏడాది కిందట నాయన మండీలో పడిపోయినప్పుడు కడుపులో గడ్డ ఉందని తెలిసింది. మందులతో నెట్టుకొచ్చారు. ఇక తీసేయాల్సిందే, తీసి చూస్తే తప్ప అది మంచిదో చెడ్డదో చెప్పలేం అని బెంగళూరు డాక్టరు అన్నాడు. అవ్వకు ఇవేవీ పట్టలేదు. ఆమెది ఒకటే మాట: "మొక్కు తీరకుండా నా కొడుకును కత్తి కింద పండుకోబెట్టనిస్తానా? మొక్కు తర్వాతే ఆపరేషను."

డ్రమ్ముల స్నేహితుడికి చెబితే వాడు చేతిలో కర్రలు కింద పడేశాడు. "గుండుతో రాక్ పాడేవాణ్ణి యాడన్నా చూసినావారా? హరికథకు వచ్చినావనుకుంటారు. మా నాటకాలోళ్ళ దగ్గర కృష్ణుని విగ్గుండాది, తెద్దునా?"

"కిరీటంతోనా, లేకుండానా?" అన్నాను. ఇద్దరికీ నవ్వు రాలేదు.

అవ్వ మాట మార్చగలిగేది నాయన ఒక్కడే. గురువారం ఆయన మంచం పక్కన కూర్చున్నాను.

"నాయనా, అవ్వతో ఒక మాట చెప్పు. తిరపతి ఒక వారం ఆగితే..."

పూర్తి చెయ్యనివ్వలేదు. "చెప్తా. వారమేంది, వచ్చే నెల పెట్టుకుందాం. డాక్టరుకు ఫోన్ చేసి చెప్తే సరిపోతాది. నీ పాట ముఖ్యం కదా."

అంతకు ముందు దాకా నా పాటను ఆయన గిన్నెలు దొర్లిన చప్పుడు అనేవాడు.

"నొప్పి గూడా తగ్గిండాదిలే," అన్నాడు మళ్ళీ. ఆ పొద్దున సంగటి ముద్ద సగం కూడా తినలేక చెయ్యి కడుక్కున్నాడు. ఇప్పుడు నా వైపు చూడకుండా, దుప్పటి అంచును వేళ్ళకు చుడుతున్నాడు, విప్పుతున్నాడు.

ఆ వేళ్ళు నాకు తెలిసినవే. బాగేపల్లి స్టేజీ తలచుకున్నప్పుడల్లా నా వేళ్ళూ అంతే చేసేవి. ఆదివారం కరెంటు పోతే బాగుండునని నేను లోలోపల కోరుకున్నట్టే, ఆయనా ఏదో ఒక సాకు కోసం చూస్తున్నాడు. దొరికింది నా జుట్టు. అది ఒత్తుగానే ఉండేది కానీ, ఒక మనిషి దాక్కునేంత ఒత్తు కాదు.

"వద్దులే నాయనా. రేపే పోతాం."

ఆయన గబుక్కున తల తిప్పాడు. "నీ పాట గదరా?"

"గుండుతోనే పాడతా."

"నీకేమిరా!" అన్నాడు. "గీకితే మళ్ళా మొలుస్తాది."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత సోమవారం దాకా నాతో మాట్లాడలేదు. వెళ్ళేటప్పుడు "పోయొస్తాం" అంటే దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. దారి పొడవునా, మదనపల్లి దాటినా, కొండ ఎక్కినా, ఆయన సోమవారం బెంగళూరు బయలుదేరనంటే ఏం చేయాలన్నదే ఆలోచన. గుండు చేయించుకోవడానికీ కొంత గుండె కావాలి. అది నా దగ్గర లేకపోవడంతో, కత్తి ఆడుతున్నంతసేపూ అవ్వ నా భుజం పట్టుకుని కూర్చుంది.

ఆదివారం చిక్కబళ్ళాపురం నుంచి అద్దెకు తెచ్చిన స్పీకర్ల మధ్య నిలబడ్డాను. నున్నటి తల, దాని మీద చందనం, చేతిలో గిటారు. స్టేజీ లైటు పడగానే నా తల ఇంకో లైటయింది. ముందు వరసలో ఎవడో "గోవిందా!" అన్నాడు. హాలంతా "గోవింద!" అంది. నవ్వులు. మొదటి తీగే తప్పు మీటాను. వెనక్కి చూస్తే దిగి పారిపోవడానికి మెట్లు కనిపించాయి. అంతలో నా స్నేహితుడు తెలివిగా ఆ గోవిందలకే డ్రమ్ములు కలిపాడు. కేకలు దరువులో పడ్డాయి, ఆ దరువులోకి మేం మా పాటను తోశాం. ఎంత బాగా పాడానో చెప్పలేను. ఆ గోలలో నాకే వినపడలేదు. మరుసటి ఏడు ఆ కాలేజీలో కొత్త బ్యాండు ఒకటి పుట్టిందనీ, దాని గాయకుడు మొక్కేమీ లేకుండానే గుండు చేయించుకున్నాడనీ విన్నాను. సముద్రాల అవతల మొదలైన ఆ మహా బ్యాండు ప్రభావం బాగేపల్లి చేరేసరికి అలా తేలింది.

గడ్డ చెడ్డది కాదని సోమవారం సాయంత్రం డాక్టరు చెప్పాడు. కానీ ఆ ఉదయం అది ఎవరికీ తెలియదు. నాయన మాట్లాడకుండానే కారెక్కాడు, మాట్లాడకుండానే ఆసుపత్రి బట్టలు కట్టుకున్నాడు. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా తెచ్చాక, నన్ను దగ్గరికి రమ్మని చెయ్యి ఊపాడు.

"నిన్న నవ్వినారంటనే అందరూ?"

"నవ్వినారు నాయనా."

"దిగి వచ్చేద్దామనిపించలేదా?"

"అనిపించినాది. కాళ్ళు వణికినాయి."

"మళ్ళా ఏమైనాది?"

"సగం పాట దాకా వణుకుతానే ఉండినాయి. ఆ పైన భయం యాడికి పోయిందో తెలీదు."

"నాకు మత్తిస్తారు గదా. నా భయం నీదానికన్నా తొందరగా పోవాల లెక్కకు," అన్నాడు. తర్వాత స్ట్రెచర్ తోసే మనిషి వైపు తల తిప్పి, ఆలస్యమంతా అతనిదే అయినట్టు, "ఏమప్పా, ఇంకా నిలబడ్డావు? పద," అన్నాడు.