కవ్వం ఆగిన పూట

క్షిపణుల్లో వాడే రామ్‌జెట్ ఇంజన్లు పరీక్షించే షెడ్డులో ఇంధనం కలిపే మనిషిని అందరూ కవ్వం అని పిలిచేవారు. ఆయన కూడా పలికేవాడు. చేసే పని అదే మరి. కిరోసిన్‌లో మెత్తటి లోహపు పొడి పోసి, ఇంజను మండి ఆగేదాకా డ్రమ్ములో తిప్పే మోటారు ఆగకుండా చూసుకోవాలి. ఆగిందా, పొడి అడుక్కి దిగిపోతుంది.

రామ్‌జెట్‌లో గాలిని తోసే చక్రాలేమీ ఉండవు. ఎదురొచ్చే గాలి తన జోరుతోనే లోపలికి దూసుకొస్తుంది. ఇంధనం రెప్పపాటులో మండాలి, లేదంటే సగం మండకుండానే వెనకనుంచి పోతుంది. సరైన పొడి కలిస్తే అదే ఇంధనం నుంచి ఎక్కువ వేడి రాబట్టవచ్చని ఆయన మేనకోడలి నమ్మకం. ఆమె అక్కడే రసాయన శాస్త్రవేత్త, ఆ పొడి ఆమె తయారుచేసిందే. ఈసారి కూడా ఉత్త కిరోసిన్‌ను మించకపోతే ఆ పనికి స్వస్తి అని పైవాళ్లు తేల్చి చెప్పేశారు.

పరీక్ష రోజు పెద్దలు డ్రమ్ము పక్కనే నిలబడి ఆమెను ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగారు. మోటారు రొదలో పాపం పిల్ల గొంతు చించుకుంటోంది. మేనమామకు మనసొప్పలేదు, మోటారు కట్టేశాడు. ఆమె మాటలు స్పష్టంగా వినబడ్డాయి, పెద్దలు తలలూపారు. ఆ ముచ్చట చూస్తూ ఆయన ఒళ్లు మరిచాడు. ఇంజను వెలిగించే ముందు గుర్తొచ్చి మళ్లీ వేశాడు కానీ, అడుగున పేరుకున్న పొడి అంత తొందరగా లేస్తుందా?

మంట కాసేపు పలచబడింది, కాసేపు పొగ కక్కింది. ఫలితం ఉత్త కిరోసిన్‌కంటే తక్కువని తేలింది. లోపం తన పొడిదేననుకుని ఆమె ఇంటికి వెళ్లిపోయింది.

మోటారు ఆపినవాడు మళ్లీ డ్రమ్ము ముట్టుకోకూడదు. కొత్తగా చేరినవాళ్లకు ఆ కట్టుబాటు చెప్పేది ఈయనే. నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు.  అయినా మర్నాడు షెడ్డు పెద్దాయన గదికి వెళ్లి, “మోటారు ఆపింది నేనండీ. పొడి తప్పేం లేదు,” అన్నాడు.

మరో పరీక్షకు ఒప్పుకున్నారు. ఆయన్ను గేటు కాపలాకు మార్చారు.

మళ్లీ పరీక్ష జరిగిన రోజు గేటు దగ్గరే కూర్చుని ఇంజను చప్పుడు విన్నాడు. ఎక్కడా తడబడలేదు. సాయంత్రం మేనకోడలు కిరోసిన్ వాసనతో బయటికొచ్చింది.

“మించింది మావయ్యా. పని ఆపరట.”

“మోటారు దగ్గర ఎవరున్నారు?”

“నేనే. పెద్దలు పిలిచినా కదల్లేదు. లోపల అందరూ నన్నే కవ్వం అంటున్నారు.”

ఆయనకు సంతోషమేసింది, తన పేరు చేజారిందని కాస్త కష్టంగానూ అనిపించింది. లేచి ఆమెకు గేటు తీశాడు.