గేటు లేని చోట కూత

దేవకమ్మత్త గురించి కోపం లేకుండా రాయడం నా వల్ల కాదు. ఒకసారి మంచిగా మొదలుపెట్టి చూశాను. పది వాక్యాలు కూడా సాగలేదు, కాగితం నలిపి పారేశాను. ఇప్పుడు కోపంతోనే రాస్తున్నాను. నచ్చనివాళ్ళు ఇక్కడే ఆపేయవచ్చు.

మాది ఆత్మకూరు పక్కన తూముపాళెం. చెరువును ఆనుకుని ఉన్న చిన్న పల్లె. కొందరు చేపలు పడతారు, మిగతావాళ్ళు కూలికి పోతారు. నేను అంగన్‌వాడీ టీచరుని, పేరు సుజాత. నా సెంటరు రోడ్డు పక్కన ఉంది, పల్లె చెరువు పక్కన ఉంది, ఆ రెంటి మధ్యలో ఇప్పుడు కొత్త రైలు కట్ట లేచింది. ఈ కథంతా ఆ కట్టను దాటడం గురించే.

దేవకమ్మత్త మా ఎదురింటి మనిషి. మా ఆయనకు వరసకు మేనత్త. ఊళ్ళో అందరూ ‘రైలు దేవకమ్మ’ అంటారు. ఆమె పుట్టింది కావలి దగ్గర ఒక రైలు గేటు గదిలో. వాళ్ళ నాయన ఆ గేటుకు గేట్‌మ్యాన్. రైలు గేటుకు దగ్గరవుతుంటే డ్రైవరు పొడుగ్గా ఒక కూత కొడతాడు. దానికి వాళ్ళింట్లో ‘గేటు కూత’ అని పేరు. వస్తున్నాను, మనుషుల్ని ఆపు అని డ్రైవరు చెప్పడం అన్నమాట. ఆ కూత వినబడగానే వాళ్ళ నాయన గేటు వేసి పచ్చజెండా పట్టుకుని నిలబడేవాడట. ఈమె పరుగెత్తుకొచ్చి ఆయన పక్కన చెయ్యి పైకెత్తి నిలబడేదట. డ్రైవర్లు నవ్వి చెయ్యి ఊపేవాళ్ళట. ఈ సంగతి ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా ఆ చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది.

వాళ్ళ అవ్వది ఉదయగిరి. అక్కడ కొండ మీద పెరిగే నర్ది చెట్టు చెక్కతో గరిటెలు, చెమ్చాలు, ఫోర్కులు చేస్తారు. అవ్వ గరిటెల మూట బస్సు టాపు మీద వేసుకుని కావలికి వచ్చేది, అక్కడ ప్యాసింజరు ఎక్కి నెల్లూరులో ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. సెలవులకు మనవరాలు కూడా వెంట పోయేది. చెక్క మీద ఆకురాయి పట్టడం నేర్చుకున్నది అవ్వ దగ్గరే. అందుకే ఆమెకు గరిటెలూ రైలూ వేరువేరు కావు. ‘రైలు పెట్టెలోకి పోతే చాలు, మా అవ్వ మూట వాసన కొడతాది నాకు’ అంటుంది. ఇప్పుడు ఆ గరిటెలు కొనేవాళ్ళు తగ్గిపోయారు, కొండ మీద కట్టె ముట్టుకోనివ్వడం లేదు, ఉదయగిరిలో ఎంతోమంది ఆకురాళ్ళు అటక మీద పెట్టేశారు. దేవకమ్మత్త మాత్రం తూముపాళెంలో కూర్చుని ఇంకా చెక్కుతూనే ఉంది.

వెంగయ్య మామను చేసుకుని ఈ ఊరికి వచ్చింది. వచ్చిన కొత్తలో ఆమెకు నిద్ర పట్టేది కాదట. జబ్బేమోనని అత్తగారు తాయెత్తు కట్టించింది. రైలు శబ్దం లేక నిద్ర పట్టడం లేదని చెబితే ఎవరు నమ్ముతారు? వెంగయ్య మామ నమ్మాడు. చేపలమ్ముకుని నాలుగు డబ్బులు చేతిలో ఆడినప్పుడల్లా పెళ్ళాన్ని బస్సెక్కించి కావలి తీసుకుపోయేవాడు. ఇద్దరూ ప్లాట్‌ఫారం చివర కూర్చుని వేరుశనక్కాయలు వొలుచుకుంటూ వచ్చేపోయే రైళ్ళు చూసి, సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేవాళ్ళు. సినిమాకు పోయే డబ్బులతో రైళ్ళు చూసే మొగుడూపెళ్ళాల్ని చూసి ఊరు నవ్వింది. ‘నవ్వనీలే’ అని ఆమె కళ్ళు మూసుకుని, దూరంగా వినబడే శబ్దాన్నిబట్టి అది గూడ్సా ఎక్స్‌ప్రెస్సా అని మొగుడికి చెప్పేది. అప్పుడప్పుడూ తప్పు కూడా చెప్పేది. తప్పయితే వేరుశనక్కాయలు వొలవడం ఆమె వంతు.

నా సెంటరులో పిల్లలకు ఒక చెక్క రైలు ఉంది. ఆమె చేసిందే. గరిటెలు చెక్కగా మిగిలిన ముక్కలతో ఇంజను, పెట్టెలు, చివర ఒక గేటు. దారం లాగితే గేటు లేస్తుంది. మా ఊరి పిల్లలు ఈ రోజు వరకూ చూసిన రైలు గేటు అదొక్కటే.

కొత్త లైను మా పక్కనుంచే పోతుందని తెలిసిన రోజు ఆమె వీధి వీధీ తిరిగి చెప్పింది. లైను కోసం భూములిమ్మని అడిగితే ఊళ్ళో చాలామంది మొరాయించారు. వెంగయ్య మామ ఉన్న ఒక్క పొలం చెక్కనూ మారుమాట లేకుండా ఇచ్చేశాడు. మాజీ సర్పంచ్ గోపాలయ్య, పెద్ద రైతు, పంచాయతీ ఆఫీసు దగ్గర మీటింగు పెట్టించాడు. రైల్వే ఇంజినీరు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. దేవకమ్మత్త లేచి ఒకటే అడిగింది.

“సార్, పల్లె ఒకపక్క, రోడ్డు ఒకపక్క. మధ్యలో మీరు కట్ట పోస్తా ఉండారు. మాకు గేటు పెడతారా లేదా?”

“పెడతామమ్మా, మీరు తిరిగే బాట ఎట్లా మూస్తాం?” అన్నాడు ఇంజినీరు.

“నేను ఉండాను గదా దేవకమ్మా, గేటు నా పూచీ” అన్నాడు గోపాలయ్య.

అప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

మా వైపు ఒక ఆచారం ఉంది. బోరు బండి వచ్చినా, ట్రాక్టరు వచ్చినా, మట్టి తవ్వే పొక్లెయిను వచ్చినా మొదట దానికి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, ఆ తరువాతే పని మొదలుపెట్టనిస్తాం. మా బాట దగ్గరికి పొక్లెయిను వచ్చిన రోజు, గేటు గదికి పునాది తీస్తున్నారని గోపాలయ్య కబురు పంపాడు. ఊరు ఊరంతా కదిలింది. దేవకమ్మత్త పట్టుచీర కట్టుకుని హారతిచ్చింది. తవ్వే అబ్బాయికి పులిహోర తెచ్చి, దగ్గర కూర్చుని మరీ తినిపించింది.

బండి తవ్వుతూనే ఉంది. గొయ్యి మనిషి లోతు దాటింది. వెంగయ్య మామకు అనుమానం వచ్చింది.

“ఏంది గోపాలయ్యా, గేటు గదికి ఇంత లోతా?”

“రైల్వే వాళ్ళ పునాది అట్లే ఉంటాది. నువ్వెప్పుడన్నా కట్టినావా?” అని గోపాలయ్య గదమాయించాడు.

ఆ తరువాత సిమెంటు పెట్టెలు లారీల మీద వచ్చాయి. వాటిని గోతిలో దించి, పైన కట్ట పోశారు. అది పునాది కాదు, కట్ట కింద నుంచి పోయే సబ్‌వే. ఇప్పుడు కొత్త లైన్లకు గేట్లు పెట్టరట, అన్నీ సబ్‌వేలేనట. ఆ మాట మీటింగు రోజు ఇంజినీరుకు తెలియదా? తెలుసు. గోపాలయ్యకు తెలియదా? ఆ సిమెంటు పెట్టెలకు ఇసుక తోలింది ఆయన ట్రాక్టర్లే. మా గోతికి మాచేతే కొబ్బరికాయ కొట్టించారు, పైగా పులిహోర కూడా తిన్నారు. రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతోంది.

“గేట్‌మ్యాన్ కూతుర్ని. గేటుకెవరన్నా గొయ్యి తీస్తారా? నాకు బుద్ధి యాడికి పోయినట్టు?” అని దేవకమ్మత్త ఆ రోజు తన తల తనే కొట్టుకుంది. రెండు రోజులు అన్నం తినలేదు.

కార్తీకంలో వానలు పట్టాయి. చెరువు కింద తవ్విన గొయ్యి ఏమవుతుందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. సబ్‌వే నడుము లోతు నీళ్ళతో నిండింది. ఆటోలు రావడం మానేశాయి. పిల్లల్ని నేను సెంటరుకు తీసుకుపోవడం మానేశాను. గుడ్లు, పాలు మోసుకొచ్చి పల్లెలోనే ఒక పంచలో పెడుతున్నాను. అడిగితే మోటారు పెట్టి నీళ్ళు తోడిస్తామన్నారు. మోటారు వచ్చింది, కరెంటు రాలేదు. చేపలమ్మే రోశమ్మ మాత్రం ఎన్నాళ్ళు ఆగుతుంది? చేప ఆగదు కదా. తలమీద గంపతో కట్ట ఎక్కింది. పట్టాల పక్కన పోసిన కంకర మీద కాలు జారి మళ్ళీ పల్లె వైపుకే పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమెను మంచం మీద మోసుకుంటూ అదే కట్ట మళ్ళీ ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోయాం. ఇక ఆమె గంప ఎత్తదు.

మంచానికి ఒక పక్క పట్టుకున్నది దేవకమ్మత్తే. దింపిన తరువాత పట్టాల వైపు చూసి ఉమ్మేసింది. రైలు పట్టాల మీద ఆమె ఉమ్మేయడం నేను కళ్ళారా చూశాను.

అంతలో కొత్త లైను మీద మొదటిసారి ఇంజను నడిపి చూస్తారని తెలిసింది. వెనకాలే ఒక పెట్టె, అందులో అధికారులు. గోపాలయ్య దేవకమ్మత్త ఇంటికి వచ్చాడు.

“పేపరోళ్ళు వస్తా ఉండారు. రైలు దేవకమ్మ హారతిస్తే ఫోటో బాగుంటాదని పెద్దసార్లు అడిగినారు. సబ్‌వే మీద ఇంజను ఆపుతారు. ఏమంటావు?”

“ఇస్తాలే” అంది.

నాకు కోపం ఆగలేదు. గోపాలయ్య గడప దాటగానే అడిగేశాను. “ఏందత్తా, సిగ్గు లేదా? రోశమ్మ అట్లా పడుంటే వాళ్ళ ఇంజనుకు హారతిస్తావా?”

ఆమె చెక్క గీకుతూనే ఉంది. “నువ్వు కూడా రా. గట్టిగా మాట్లాడతావు, పనికొస్తావు” అంది. అంతే.

ఆ రోజు ఊరంతా కట్ట ఎక్కింది. ఎంత కోపమున్నా రైలు రైలే, చూడాలని అందరికీ ఉంటుంది. నిమ్మకాయలు, కొబ్బరికాయలు, బూడిదగుమ్మడికాయ, పూలదండ అన్నీ గోపాలయ్య మనుషులే తెచ్చారు. ఇంజను మెల్లగా వచ్చి సబ్‌వే మీద ఆగింది. అధికారులు దిగారు. కెమెరాలు ఎత్తారు.

“దేవకమ్మ యాడ?” అని గోపాలయ్య అరిచాడు.

“ఈడుండా!”

గొంతు కట్ట కింద నుంచి వచ్చింది. అందరం అంచుకు వచ్చి వంగి చూశాం. సబ్‌వే నోట్లో, నడుము లోతు నీళ్ళల్లో నిలబడి ఉంది. అదే పట్టుచీర, పచ్చటి నీళ్ళల్లో తడిసి ముద్దయి ఉంది. చేతిలో పళ్ళెం, పళ్ళెంలో కర్పూరం, కొబ్బరికాయ.

“సార్, పూజ ఈడ చెయ్యాల! మొదటిసారి ఈ గోతికి పూజ చేసింది నేనే. ఇది బాట అన్నారు గదా. దిగి రండి. ఈ పక్క నుంచి ఆ పక్కకు నడిచి చూపించండి. మీరు నడిస్తే ఇంజనుకు నేనే హారతిస్తా!”

పెద్దసారు నీళ్ళ వైపు చూశాడు, తన బూట్ల వైపు చూశాడు.

“దిగండి సార్, మా పిల్లలు రోజూ దిగాల్సిన బాటే!” అని నేను అరిచాను. నా వెనక మరో నలుగురు అందుకున్నారు. “దిగండి! దిగండి!”

“ఇదేమిటండీ, పూజ అన్నారు, గొడవా ఇది?” అని ఆయన గోపాలయ్య మీద విసుక్కుని గబగబా పెట్టె ఎక్కేశాడు. గోపాలయ్య చేతికందిన కొబ్బరికాయ పట్టాకేసి కొట్టి, కాలితోనే నిమ్మకాయలు చక్రాల కిందికి తోసి, “పోనీ, పోనీ” అని డ్రైవరుకు చెయ్యి ఊపాడు. దేవకమ్మ ఇచ్చే హారతి కోసం వచ్చిన కెమెరాలు ఆ కాలిని ఫోటో తీశాయో లేదో నాకు తెలియదు.

వెంగయ్య మామ పంచె పైకి కట్టి నీళ్ళల్లోకి దిగాడు. “దేవకీ, రా. కదులుతా ఉండాది. పైకొచ్చి ఒక్కసారి చూసుకో. మళ్ళీ ఎప్పుడొస్తాదో.”

“చూడను.”

“ఇన్నేళ్ళు ఎదురుచూస్తివి గదే!”

“గేటు పెట్టినాక చూస్తా. నువ్వు పో, చూడు.”

ఆయన పోలేదు. ఆమె పక్కనే నిలబడ్డాడు.

డ్రైవరు కిటికీలోంచి వంగి అంతా చూస్తూనే ఉన్నాడు. జాలిపడ్డాడో, రోజూ చేసే అలవాటో, నాకు తెలియదు. ఇంజను కదిలిస్తూ ఒక పొడుగు కూత కొట్టాడు. ఆగకుండా, సాగదీసి. గేటు కూత.

సబ్‌వే సిమెంటు గోడల మధ్య ఆ కూత మారుమోగింది. కింద దేవకమ్మత్త చెయ్యి పైకి లేచింది. దానంతట అదే, చిన్నపిల్ల చెయ్యిలాగా. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. అంతలోనే ఆమెకు స్పృహ వచ్చినట్టుంది, ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి గుంజుకుంది. పళ్ళెం నీళ్ళల్లో పడింది, కర్పూరం ఆరిపోయింది. తేలుతున్న కొబ్బరికాయ అందుకుని సిమెంటు గోడకేసి బలంగా కొట్టింది.

“గేటు యాడుండాదిరా ఈడ?” నెత్తి మీద పోతున్న రైలును చూసి అరిచింది. “ఎవరిని ఆపమని కొడతావురా ఆ కూత? గేటు యాడుండాది?”

రైలు పోయిన తరువాత కూడా ఆమె ఆ మాటే అరుస్తూ ఉంది. వెంగయ్య మామ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ నీళ్ళల్లో నడుస్తూ అవతలికి, పల్లెలోని రోశమ్మ ఇంటి వైపు పోయారు.